వెనక మైకు దగ్గరి ముగ్గురు

తమ్ముడూ,

అమెరికాలో డెట్రాయిట్ గాయక బృందం ఫోర్ టాప్స్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పద్నాలుగు పేజీల్లో పదకొండు 1964–67 మధ్య వచ్చిన హిట్లకే పోయాయి. ఆ నాలుగేళ్ళూ తీసేస్తే మిగిలేది నలుగురి పుట్టుక, నలుగురి చావు, మధ్యలో రెండు మూడు సన్మానాలు. ఆ నలుగురూ మనిషి మారకుండా కలిసి పాడింది 44 ఏళ్ళు. ఆ మాట నువ్వూ రాశావు, కానీ ఒకే వాక్యంలో, అదీ చివరి పేజీలో. వ్యాసం మొదలవ్వాల్సింది అక్కడే.

ముందు నిలబడి పాడిన లీవై స్టబ్స్ గురించి ఎవరైనా రాస్తారు. ఆ గొంతు అలాంటిది. ఈ బృందం కథ మాత్రం వెనక ఒకే మైకు చుట్టూ చేరిన ముగ్గురిలో ఉంది: అబ్దుల్ 'డ్యూక్' ఫకీర్, రెనాల్డో 'ఓబీ' బెన్సన్, లారెన్స్ పేటన్. వాళ్ళకంటే తన పేరు ముందు పెట్టనివ్వనని స్టబ్స్ పట్టిన పట్టులో కూడా ఉంది. 1967లో, వీళ్ళు పాడిన మోటౌన్ రికార్డుల కంపెనీలోనే, సుప్రీమ్స్ అన్న బృందం 'డయానా రాస్ అండ్ ద సుప్రీమ్స్' అయ్యారు. మిరకిల్స్ ముందు స్మోకీ రాబిన్సన్ పేరు చేరింది. ఫోర్ టాప్స్ పేరు మాత్రం మారలేదు. ఒంటరిగా పాడమని స్టబ్స్‌ను అడిగినవాళ్ళు ఉన్నారు, అతను వెళ్ళలేదు. దాన్ని 'స్నేహధర్మం' అని ఒక్క మాటలో తేల్చేశావు. ఆ మాట కొట్టేసి, పక్క బృందాల్లో ఏం జరిగిందో రెండు వాక్యాలు పెట్టు. టెంప్టేషన్స్‌లో ఇప్పటిదాకా ఇరవైమందికి పైగా వచ్చి వెళ్ళారు. ఆ అంకె పక్కన నలుగురు అన్న అంకె నిలబడితే నువ్వు విశేషణం వెతుక్కోనక్కర్లేదు.

మూడు వేల మాటల వ్యాసమనుకుంటే, నేనైతే ఏడెనిమిది వందలు 1953 నుంచి 1963 దాకా ఉన్న పదేళ్ళకు ఇస్తాను. నువ్వు ఇచ్చింది నాలుగు వాక్యాలు. డెట్రాయిట్‌లో పెర్షింగ్ హైస్కూలు నుంచి ఇద్దరు, నార్తర్న్ హైస్కూలు నుంచి ఇద్దరు. మొదట పెట్టుకున్న పేరు ఫోర్ ఎయిమ్స్. అప్పటికే ఏమ్స్ బ్రదర్స్ అని ఇంకో బృందం ఉండటంతో, 1956లో చెస్ అనే రికార్డుల కంపెనీకి పాడేటప్పుడు ఫోర్ టాప్స్ అయ్యారు. ఆ తర్వాత రెడ్ టాప్, కొలంబియా, రివర్‌సైడ్. ఎక్కడా హిట్ లేదు. మరి తిండి ఎలా? నైట్ క్లబ్బుల్లో, బిల్లీ ఎక్‌స్టైన్ లాంటి పెద్ద గాయకుల ప్రదర్శనల్లో. భోంచేస్తూ వినే శ్రోతలకు పాత జాజ్ పాటలు నాలుగు గొంతుల్లో పాడాలి, నడవాలి, తిరగాలి, నవ్వించాలి. మోటౌన్ కంపెనీలో కుర్రవాళ్ళకు నడక నుంచి మాట దాకా నేర్పించడానికి ఒక విభాగమే ఉండేది. వీళ్ళు 1963లో ఆ గడప తొక్కేసరికే ఆ పని తెలిసినవాళ్ళు. కంపెనీ కూడా ముందు వీళ్ళతో జాజ్ పాటలే రికార్డు చేయించి మూల పడేసింది. 'బ్రేకింగ్ త్రూ' అన్న ఆ ఆల్బమ్ 1999లో గానీ బయటికి రాలేదు. ఇక్కడ జాగ్రత్త: విడుదలైన ఏడాది చూసి దాన్ని ముసలితనపు ఆల్బమ్ కింద జమ కట్టావు. రికార్డయిన ఏడాది, విడుదలైన ఏడాది రెండూ పక్కపక్కన రాసుకునే అలవాటు చేసుకో.

బృందం పుట్టిన ఏడు కూడా కొన్నిచోట్ల 1953, కొన్నిచోట్ల 1954 అని కనిపిస్తుంది. ఏదో ఒకటి ఎంచుకుని లెక్కంతా దాని మీదే నడుపు. నీ వ్యాసం మూడో పేజీలో 1954, ఆఖరి పేజీలో 44 ఏళ్ళు. 1997లోంచి 1954 తీసేస్తే 43.

ఇక హార్మొనీ. ఇది మన పాఠకుడికి కష్టమైన చోటు, నువ్వు దాటేసిన చోటు కూడా. మన చెవి ఒకే స్వరం వెంట నడవడానికి అలవాటు పడింది. పదిమంది కలిసి పాడినా అందరూ పాడేది ఒకే వరస. అందుకే 'వెనక ముగ్గురూ కోరస్ ఇచ్చారు' అంటే పాఠకుడికి భజన బృందం కనిపిస్తుంది. హార్మోనియం మీద స, గ, ప మూడూ ఒక్కసారి నొక్కమను. మూడు మెట్లు, ఒక్క శబ్దం. ఇప్పుడు ఒక్కో మెట్టూ ఒక్కో మనిషి అనుకోమను: పైమెట్టు ఫకీర్, నడిమిది పేటన్, కిందిది బెన్సన్. పాట నడుస్తుంటే ముగ్గురూ ఎడం చెడకుండా కలిసి కదలాలి. ఎవరు ఏ మెట్టు పట్టుకోవాలో చెప్పేది ఎక్కువగా పేటన్. చర్చి క్వయర్‌లో పాడినవాళ్ళకు ఈ పేరా అక్కర్లేదు, మిగతావాళ్ళకు ఇది లేకపోతే వ్యాసం అక్కర్లేదు.

'వంత' అన్న మాట నీ చేతికి వస్తుంది, వాడుకో, కానీ చూసి వాడు. బుర్రకథలో వంతలు కథకుడికి అడ్డు తగులుతారు, ప్రశ్నిస్తారు, హాస్యమాడతారు. సోల్ బృందంలో వెనకవాళ్ళు ముందువాడి మాటను అందుకుని బదులిచ్చే పద్ధతి నల్లజాతి చర్చిలో పాస్టరుకూ సంఘానికీ మధ్య నడిచే పిలుపు, బదులు నుంచి వచ్చింది. పోలిక ఒక్క వాక్యం నడుస్తుంది, రెండో వాక్యానికి కుంటుతుంది. పైగా వాడుకలో 'వంత పాడటం' అంటే తలాడించడం అయిపోయింది. ఆ నీడ ఈ ముగ్గురి మీద పడనివ్వకు. సోల్‌ను 'ఆత్మ సంగీతం' అని కూడా అనకు, భక్తి క్యాసెట్టు గుర్తొస్తుంది. సోల్ అనే రాయి, మొదటిసారి ఒక వాక్యంలో వివరించు: చర్చి పాట గొంతు, రిథమ్ అండ్ బ్లూస్ తాళం, లోకపు ప్రేమ మాటలు.

వినడానికి ఒక పద్ధతి చెబుతాను. 'బెర్నడెట్' పాట హెడ్‌ఫోన్ పెట్టుకుని మూడుసార్లు విను. మొదటిసారి స్టబ్స్ వెంట వెళ్ళు. రెండోసారి అతన్ని వదిలేసి జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్ వెంట. మూడోసారి వెనక గొంతుల వెంట. ఆఖర్లో పాట ఒక్కసారిగా ఆగి, స్టబ్స్ ఆ పేరు పెట్టి అరిచాక మళ్ళీ లేస్తుంది. మూడుసార్లూ ఆ నిశ్శబ్దం దగ్గర ఏం విన్నావో అప్పటికప్పుడు రాసుకో. వీలైతే మోనో రికార్డింగే విను. ఆ రోజుల్లో సింగిల్స్‌ను కారు రేడియో చిన్న స్పీకర్లో బాగుండేలా మోనోలో కలిపేవారు. స్టీరియోలో గొంతులు విడిపోయి వేరే పాటలా ఉంటుంది.

స్టబ్స్ గొంతు గురించి 'హృదయాన్ని పిండే ఆర్తి' అన్నావు. ఆర్తి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పు. అతనిది బారిటోన్, అంటే మగవాళ్ళలో నడిమి, కాస్త బరువైన గొంతు. పాటలు కట్టిన హాలండ్–డోజియర్–హాలండ్ త్రయం కావాలనే శ్రుతి పైకి పెట్టేవారు. అందుకోవడానికి అతను గొంతు పెంచాలి, పెంచితే ఒరుసుకుంటుంది. మనకు వినిపించే వేదనలో సగం ఆ ఒరిపిడి. 'రీచ్ అవుట్ ఐల్ బి దేర్'లో అతను స్వరం మీద నిలబడి పాడటం కంటే మాటను విసరడం ఎక్కువ. గమకం అన్న మాట ఇక్కడ తేకు.

ఇంకో తప్పు, ఇది చాలామంది చేసేదే. రికార్డులో వినిపించే పై గొంతులన్నీ ఆ ముగ్గురివే అనుకున్నావు. కావు. మోటౌన్ స్టూడియోలో ఆండాంటీస్ అని ముగ్గురు ఆడవాళ్ళు, జాకీ హిక్స్, మార్లీన్ బారో, లూవేన్ డెంప్స్, ఫోర్ టాప్స్ పాటల్లో మగగొంతులకు పైన ఉండే మెట్లు పాడారు. అప్పట్లో అట్టల మీద వాళ్ళ పేర్లు ఉండేవి కావు. 1966లో డెట్రాయిట్ రూస్టర్‌టెయిల్ క్లబ్బులో రికార్డయిన లైవ్ ఆల్బమ్ తీసి స్టూడియో పాటల పక్కన పెట్టి విను. ఆడగొంతులు తీసేస్తే నలుగురు ఎంత మోశారో తెలుస్తుంది. రెండు జట్లకూ దక్కాల్సిన వాటా దక్కినట్టవుతుంది.

హిట్ల పేరాలు మూడో వంతుకు కోసెయ్. 'ఐ కాంట్ హెల్ప్ మైసెల్ఫ్' 1965లో, 'రీచ్ అవుట్' 1966లో అమెరికా హిట్ల పట్టికలో మొదటి స్థానం. రెండోది బ్రిటన్‌లోనూ. మిగతా స్థానాలు పాఠకుడికి అక్కర్లేదు. 'ఇట్స్ ద సేమ్ ఓల్డ్ సాంగ్' మాత్రం ఉంచు, కారణంతో సహా. 'ఐ కాంట్ హెల్ప్ మైసెల్ఫ్' ఊపు చూసి పాత కంపెనీ కొలంబియా తన దగ్గరున్న 1960 నాటి పాట మళ్ళీ విడుదల చేయబోయింది. దానికి అడ్డుకట్టగా మోటౌన్ దాదాపు ఒక్క రోజులో కొత్త పాట కట్టించి, పాడించి, అచ్చేసింది. పాత పాట అల్లికనే కాస్త తిప్పి, దానికి 'అదే పాత పాట' అని పేరు పెట్టారు. అది అయిదో స్థానం దాకా వెళ్ళింది.

పట్టికల విషయంలో ఒక గుంట ఉంది, అందులో పడ్డావు. 1964 నాటి 'బేబీ ఐ నీడ్ యువర్ లవింగ్'కు బిల్‌బోర్డ్ పత్రిక వేసే ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) హిట్ల పట్టికలో స్థానం ఇచ్చావు. 1963 నవంబరు చివరి నుంచి 1965 జనవరి దాకా బిల్‌బోర్డ్ ఆ పట్టికే వేయలేదు. ఆ కాలానికి ఇప్పుడు చూపించే స్థానాలు క్యాష్ బాక్స్ పత్రికవి. బిల్‌బోర్డ్ అన్ని రకాల పాటలకూ కలిపి వేసే హాట్ 100లో పదకొండో స్థానం అని రాసి ఊరుకో.

1967 చివర్లో పాటలు కట్టే ముగ్గురూ కంపెనీతో గొడవపడి పని ఆపేశారు. నీ వ్యాసం అక్కడ చల్లబడింది, నిజానికి కథ చిక్కబడేది అక్కడ. పాటలిచ్చేవాళ్ళు పోయాక పాడేవాళ్ళు ఎలా నిలిచారు? 1970లో స్మోకీ రాబిన్సన్, ఫ్రాంక్ విల్సన్ 'స్టిల్ వాటర్' ఇచ్చారు. అందులో స్టబ్స్ అరవడు. 1972లో మోటౌన్ లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయింది, వీళ్ళు డెట్రాయిట్ వదల్లేదు. దాన్ని ఊరి మీద ప్రేమగా మాత్రమే రాయకు, వాళ్ళు చేరిన ఏబీసీ–డన్‌హిల్ కూడా లాస్ ఏంజెలెస్ కంపెనీయే. అక్కడ 'కీపర్ ఆఫ్ ద కాజిల్' పదో స్థానం, 'ఎయింట్ నో వుమన్' నాలుగో స్థానం. 1981లో కాసాబ్లాంకా కంపెనీకి పాడిన 'వెన్ షీ వాజ్ మై గర్ల్' ఆర్ అండ్ బి పట్టికలో మొదటిది. 1983లో మోటౌన్ పాతికేళ్ళ టీవీ కార్యక్రమంలో టెంప్టేషన్స్‌తో పాటల పోటీలా పాడారు, తర్వాత రెండు బృందాలూ ఏళ్ళ తరబడి కలిసి ఊళ్ళు తిరిగాయి. 1986లో 'లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్' సినిమాలో మనుషుల్ని తినే మొక్కకు గొంతిచ్చింది స్టబ్సే. అదొక్క వాక్యం చాలు, నువ్వు పేజీ రాశావు.

బెన్సన్‌కు మాత్రం పేజీ ఇవ్వచ్చు. 1969లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో పీపుల్స్ పార్క్ దగ్గర కుర్రవాళ్ళ మీద పోలీసుల దెబ్బలు చూసి, అతను అల్ క్లీవ్‌లాండ్‌తో కలిసి ఒక పాట మొదలుపెట్టాడు. బృందంలో మిగతావాళ్ళు అది నిరసన పాట అని వద్దన్నారు. ఆ పాట మోటౌన్ గాయకుడు మార్విన్ గే దగ్గరికి వెళ్ళి, అతని చేతిలో పూర్తయి, 1971లో 'వాట్స్ గోయింగ్ ఆన్' అయింది. 44 ఏళ్ళ ఐకమత్యానికి ఒక ధర కూడా ఉందని చెప్పే సంఘటన ఇదే. నీ వ్యాసంలో ఇది లేదు.

ఫకీర్ తండ్రి ఇప్పటి బంగ్లాదేశ్ ప్రాంతం నుంచి వెళ్ళి డెట్రాయిట్ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు, తల్లి ఆఫ్రికన్ అమెరికన్. నువ్వు దీన్ని శీర్షికకెక్కించి 'మనవాడు' అన్నావు. అతని పాట తయారైంది డెట్రాయిట్‌లో. తండ్రి సంగతి రెండు వాక్యాల్లో చెప్పి కదులు.

చివరి భాగానికి తేదీలు సరిచూశాను, ఇవి వాడుకో. పేటన్ 1997 జూన్ 20న పోయాడు. కొన్నాళ్ళు మిగిలిన ముగ్గురూ 'టాప్స్' అని మాత్రమే పాడి, 1998లో టెంప్టేషన్స్‌లో పాడి వచ్చిన థియో పీపుల్స్‌ను తీసుకున్నారు. 2000లో స్టబ్స్‌కు పక్షవాతం వచ్చింది, రానీ మెక్‌నీర్ చేరాడు. బెన్సన్ 2005 జూలై 1, స్టబ్స్ 2008 అక్టోబరు 17, ఫకీర్ 2024 జూలై 22. పేటన్ పోయాక 'ఫోర్' అన్న మాట తీసేశారన్న ఒక్క సంగతీ నీ 'శోకసంద్రం' పేరా మొత్తం చేయలేని పని చేస్తుంది. ఆ పేరా తీసెయ్. తర్వాత పేటన్ కొడుకు రోకెల్ బృందంలోకి వచ్చాడు. మొదటి నలుగురిలో ఒక్కరూ లేకుండా ఆ పేరు ఇంకా వేదిక ఎక్కుతోంది కాబట్టి, 'పాడారు' అని ఎక్కడ రాయాలో, 'పాడుతున్నారు' అని ఎక్కడ రాయాలో ఒక్కో వాక్యం దగ్గరా చూసుకుంటూ వెళ్ళు. ఇప్పుడు ఎవరెవరున్నారన్నది మాత్రం పత్రికకు పంపే రోజు పొద్దున మళ్ళీ ఒకసారి చూసి రాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య