వంతెన మీద పావుగంట

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వూ నీ రూమ్మేట్లూ క్రిస్మస్ సెలవుల్లో నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు వెళ్తున్నారని చెప్పింది. రాజమండ్రి వంతెన దాటేలోపే వాంతులని బస్సు కిటికీకి అతుక్కుపోయే పిల్లవి, ఇప్పుడు జర్మనీలో రైళ్లు మారి కొండెక్కుతానంటున్నావు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత నిద్ర పట్టలేదు. మెసేజ్ పెడితే పైపైన చూసి బొటనవేలి బొమ్మ పంపిస్తావని ఇలా ఉత్తరమే రాస్తున్నాను. పూర్తిగా చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొను. డిసెంబర్ 24, 25, 31, జనవరి 1 తేదీల్లో కోట తియ్యరు. మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్‌కి రైల్లో రెండు గంటలు, అక్కడి నుంచి కొండ కింద ఊరికి బస్సులో పది నిమిషాలు. బవేరియా టికెట్ (ఆ రాష్ట్రంలో రోజంతా లోకల్ రైళ్లకు పనిచేసేది) మీద వెళ్తే పనిరోజుల్లో ఉదయం 9 దాటాకే రైలెక్కాలి, కాబట్టి లోపలికి వెళ్లే టైము మధ్యాహ్నం ఒకటిన్నర తర్వాత పెట్టుకో. పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. పులిహోర కడితే కొండ కిందే తినెయ్యండి.

మంచు పేరుకుంటే కొండ మీదికి బస్సు నడవదు. నడిచే ఎక్కాలి, అరగంట నుంచి నలభై నిమిషాలు. నీ తెల్ల బూట్లు అక్కడ పనికిరావు, అడుగు గట్టిగా పట్టేవి కొనుక్కో, డబ్బులు నేను పంపిస్తాను. కోట వెనక లోయ మీద మరియెన్‌బ్రూకె అనే వంతెన ఉంటుంది. కిందికి దాదాపు 90 మీటర్ల లోతు. మంచు గడ్డకడితే దాన్ని మూసేస్తారు. మూసిన గేటు దూకి మరీ ఫొటోలు దిగేవాళ్లు ఉంటారట. నువ్వు దూకావని తెలిసిందో, మీ అమ్మకంటే ముందు నేను తిడతాను. నువ్వు దూకవులే. ఆ పక్కనుండే పిల్లలు రెచ్చగొడతారని నా భయం.

ఇక అసలు సంగతి. ఆ వంతెన మీద నేను చేసిన తప్పు ఒకటుంది. మీ అమ్మకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

2013 అక్టోబర్‌లో మేం మా వాడి దగ్గరికి మ్యూనిక్ వెళ్లాం కదా. మీ పెదనాన్నకు ఆ దేశంలో ఏదీ పెద్దగా పట్టలేదు. చర్చిలోకి తీసుకెళ్తే బల్లలు చూసేవారు, మ్యూజియంలోకి తీసుకెళ్తే తలుపుల అతుకులు చూసేవారు. వడ్రంగం షెడ్డులో నలభై ఏళ్లు గడిపిన మనిషి మరి. ఒకరోజు మా వాడు ఈ కోట గురించి చదివి వినిపిస్తూ, రాజుగారి పడకగది చెక్కపని 14 మంది కలిసి నాలుగున్నరేళ్లు చేశారన్నాడు. ఆయన తింటున్న చపాతీ పక్కన పెట్టారు. "మంచానికా?" అన్నారు. మంచం, కుర్చీ, గోడల చెక్క, మొత్తం ఓక్‌లో. పందిరి మంచమట. మన ఊళ్లో పెళ్లిళ్లకు టేకుతో ఎన్ని పందిరి మంచాలు చేసిచ్చారో ఆయనకే లెక్క తెలీదు. ఒక్కోటి నెలలో అయిపోయేది. ఆ రోజు నుంచి రోజూ అదే మాట, ఆ మంచం చూడాలి.

మా టికెట్ 12:25కి. ఆ టికెట్ సంగతి విను. ఎవరికి వాళ్లు తిరిగి చూసే చోటు కాదది, టూరుతోనే లోపలికి పంపిస్తారు. టికెట్ మీద నిమిషంతో సహా టైము, టూరు నంబరు ఉంటాయి. లోపలి ప్రాంగణంలో గేటు దగ్గర బోర్డు మీద నీ నంబరు వచ్చినప్పుడే టికెట్ పనిచేస్తుంది. తర్వాత అది కాగితం ముక్క.

మీ పెదనాన్న మోకాళ్ల కోసం బస్సెక్కాం. బస్సు ఆ వంతెన దగ్గరే దింపుతుంది. ఇంకా నలభై నిమిషాలుంది. ఐదు నిమిషాలు చూసొద్దామని నేనే అన్నాను. ఆయన, మా వాడు వంతెన మొదట్లో ఆగిపోయారు. నేను కమ్మీ పట్టుకుని, కాళ్లు వణుకుతున్నా నడి వంతెన దాకా వెళ్లాను. ఏం చెప్పను, తెల్లటి కోట, వెనక సరస్సులు, ఎర్రబడ్డ చెట్లు. ఎవరి తలా అడ్డం రాని ఫొటో కావాలనిపించింది. జనం కదిలేదాకా ఆగాను. మళ్లీ ఎవరో వచ్చారు, మళ్లీ ఆగాను. ఆయన రెండుసార్లు చెయ్యి ఊపారు. నేనూ నవ్వుతూ చెయ్యి ఊపాను. టైమైందని పిలుస్తున్నారనుకోలేదు. అలా అక్కడ పావుగంట కాదు, ఇంకా ఎక్కువే అయింది.

అక్కడి నుంచి కోటకు పది పదిహేను నిమిషాలంటారు. అది మోకాళ్లు బాగున్నవాళ్ల లెక్క. దారంతా దిగుడే, ఆయనకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. చివర్లో మా వాడు పరుగెత్తాడు, లాభం లేకపోయింది. మేం చేరేసరికి బోర్డు మీద వేరే నంబరు ఉంది. నాలుగు నిమిషాలు. గేటు దగ్గరి అమ్మాయి మర్యాదగానే తల అడ్డంగా ఊపింది. ఆమె తప్పేం లేదు. ఆ రోజుకు మిగతా టికెట్లన్నీ అయిపోయాయి.

ఆయన ఒక్క మాట అనలేదు. ప్రాంగణంలో గోడ దగ్గరికి వెళ్లి వేలితో తట్టి, "పైన రాయి, లోపల ఇటుకరా" అని మా వాడికి చెప్పారు. అది నిజమే, ఇటుక గోడకు తెల్లరాయి తొడిగిన కట్టడమే అది. తర్వాత కింద కొట్లో బొమ్మల పుస్తకం ఒకటి కొనుక్కున్నారు. లోపల మూడొందలకు పైగా మెట్లు ఎక్కి దిగాలట, ఎలాగూ ఆయన వల్ల అయ్యేది కాదని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. ఆయన మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఆ పుస్తకం కుట్లు ఊడిపోయేదాకా చూశాం కాబట్టి లోపల ఏముందో నాకు చూసినట్టే తెలుసు. సింహాసనం గది ఉంది, సింహాసనం లేదు. అది చేయించేలోపే రాజు పోయాడు. పైన కిరీటంలా వేలాడే దీపం దాదాపు 900 కిలోలు. పై అంతస్తులో పాటగాళ్ల హాలు. రెండు గదుల మధ్య ఒక ఉత్తుత్తి రాతి గుహ, మేడ మీద! చివర్లో వంటగది వస్తుంది, అలిసిపోయామని దాటెయ్యకు. 1880ల నాటికే వేడినీళ్లు, చన్నీళ్లు కుళాయిలో వచ్చేవి. పొయ్యి మీంచి లేచే వేడిగాలికే మాంసం కాల్చే చువ్వ దానంతటది తిరిగేది. రాజుగారికి మతి లేదన్నవాళ్లు ఆ వంటగది చూసినట్టు లేదు.

ఆ రాజు రెండో లుడ్విగ్. 1869లో పునాది వేశాడు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు కదా, ఈయన కుదిరిన పెళ్లి చెడగొట్టుకుని ఇళ్లు కడుతూ అప్పుల్లో మునిగాడు. అంతా కలిపి ఆ కోటలో ఆరు నెలలు కూడా ఉండలేదు. 1886 జూన్‌లో పిచ్చివాడని డాక్టర్లచేత రాయించి అక్కడి నుంచే తీసుకెళ్లారు. మర్నాడే సరస్సులో శవమై తేలాడు, పక్కన డాక్టరు శవం. ఏం జరిగిందో ఈనాటికీ తేలలేదు. ఆగస్టు 1కల్లా టికెట్ పెట్టి కోట జనానికి తెరిచేశారు. తన గదుల్లోకి ఎవరూ రాకూడదని కట్టుకున్న మనిషి!

నువ్వు ముందు కోట దగ్గరికి వెళ్లు. గేటు కనబడే చోట నిలబడి ఎంతసేపైనా వేచి ఉండు, చలికి టీ తాగు. వంతెన తెరిచి ఉంటే అది తర్వాత. చీకటి మాత్రం నాలుగున్నరకే పడిపోతుంది, గుర్తుంచుకో.

లోపల ఫొటోలు తియ్యనివ్వరు, టూరు అరగంటే. పడకగదిలో అందరూ హంస ఆకారంలో ఉండే కుళాయి చూస్తారు. నువ్వు మంచం పందిరి చూడు, గుడి గోపురాల్లా కొనలు తేలి ఉంటుంది. మీ పెదనాన్న పక్కనే కూర్చుని రాయమంటున్నారు: ఆ కొనలు దూలంలోంచే చెక్కి తీసినవా, విడిగా చేసి అతికించినవా? ఎదురుగా నిలబడితే తెలియదట. కిటికీ వెలుతురు చెక్క మీద అడ్డంగా పడే వైపుకి జరిగి చూడమంటున్నారు.

బయటికి రాగానే ఆయనకే ఫోన్ చెయ్యి. ఇప్పుడు చెవి సరిగా వినబడటం లేదు, కాస్త గట్టిగా మాట్లాడు.

పెద్దమ్మ