ఎల్డొరాడో 1997దా, 2001దా?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పాత క్యాడిలాక్ ఎల్డొరాడో కొంటానంటున్నాడు. 1997ది ఒకటి, 2001ది ఒకటి చూశాడట. 1997ది తక్కువ తిరిగింది, రేటు కూడా తక్కువని దానికే మొగ్గుతున్నాడు. 1998 లింకన్ మార్క్ 8 కూడా ఒకటి ఉందట. పాత బండి కదా, మాకు టెన్షన్‌గా ఉంది. ఏది కొనమనాలి? తర్వాత దాన్ని హైదరాబాద్ తెచ్చుకోవచ్చా?
– ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: అబ్బాయికి ఇవాళే ఫోన్ చేసి 1997ది వద్దని చెప్పండి, ఎంత తక్కువ తిరిగినా సరే.

రెండు ఎల్డొరాడోల్లోనూ ఉన్నది నార్త్‌స్టార్ అనే 4.6 లీటర్ల వి8 ఇంజనే. నడుపుతుంటే చాలా బాగుంటుంది, కానీ 1999 మోడల్ వరకు వచ్చిన వాటికి ఒక జబ్బుంది: ఇంజన్ ప్రధాన భాగమైన బ్లాక్ అల్యూమినియంది, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌ను పట్టి ఉంచే హెడ్ బోల్టులు బిగిసేది అందులోనే, ఏళ్లు గడిచేకొద్దీ ఆ థ్రెడ్లు (మరలు) పోయి బోల్టు పట్టు వదిలేస్తుంది, బ్లాక్‌కీ హెడ్‌కీ మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ లీకై ఇంజన్ వేడెక్కిపోతుంది. ఉత్త గ్యాస్కెట్ మారిస్తే ఆగదు. ఇంజన్ దింపి, బోల్టు రంధ్రాలన్నింట్లో స్టీల్ థ్రెడ్లు వేయించాలి, ఆ ఖర్చు చాలాసార్లు కారు ధరనే దాటిపోతుంది. డల్లాస్ ఎండల్లో హైవే మీద పిల్లాడు ఒక్కడే ఆగిపోవడం మీకూ ఇష్టం ఉండదు, నాకూ ఉండదు.

2000 మోడల్‌కి కంపెనీ ఇంజన్‌ను సవరించింది, హెడ్ బోల్టులు కూడా పొడవు చేసింది. జబ్బు పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గింది. కాబట్టి 2000 నుంచి, ఎల్డొరాడో ఆగిపోయిన 2002 వరకు చూడమనండి. అక్కడ కొత్త మోడల్ ముందు ఏడాది చివర్లోనే వచ్చేస్తుంది, అందుకని తయారీ తేదీ చూసి పొరబడకుండా, విన్ అనే చాసిస్ నంబరులో పదో స్థానం చూడాలి. వై ఉంటే 2000, 1 ఉంటే 2001, 2 ఉంటే 2002.

మార్క్ 8 ఇంజన్ గట్టిది. ఇబ్బందంతా గాలితో పనిచేసే సస్పెన్షన్‌తోనే. రాత్రి పార్క్ చేసిన కారు పొద్దున్నకి కిందికి దిగిపోయి ఉంటే ఎయిర్ స్ప్రింగులు లీకవుతున్నట్టు, ఆ లీకుతో వాటికి గాలి పంపే కంప్రెసర్ కూడా ఆగకుండా తిరిగి కాలిపోతుంది. అయినా మామూలు స్ప్రింగులు వేయించుకోవచ్చు, ఇంజన్ దింపే పనైతే కాదు. 2001ది కుదరకపోతే నేను దీనికే ఓటేస్తాను.

హైదరాబాద్ తేవడం మాత్రం కుదరదండీ. సెకండ్‌హ్యాండ్ కారు దిగుమతి చేసుకోవాలంటే వయసు 3 ఏళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి.

2001 కారుకి డబ్బు కట్టే ముందు అరగంట ఏసీ వేసి హైవే మీద నడిపి, వెంటనే మెకానిక్‌తో బ్లాక్ టెస్ట్ (ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్‌లోకి ఇంజన్ లోపలి పొగ చేరుతోందేమో చూసే పరీక్ష) చేయించమనండి. కూలెంట్ ట్యాంకు మూతి దగ్గర పెట్టే నీలం ద్రవం పసుపు రంగుకి తిరిగితే గ్యాస్కెట్ పోయినట్టే. అమ్మేవాళ్లు ఈ టెస్టుకి ఒప్పుకోకపోతే ఆ కారు వదిలేయమనండి.