మూడో ఏడాదికే ఎన్ఎఫ్ఎల్‌కా?

ప్రశ్న: టెక్సాస్‌లో మా అబ్బాయి రూమ్మేట్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు). మూడో ఏడాదితోనే ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్లిపోతానంటున్నాడు. తొందరపాటు కాదా?

జవాబు: హైస్కూలు ముగిసి మూడేళ్లయితే డ్రాఫ్ట్‌కు (ఎన్ఎఫ్ఎల్ జట్లు రౌండ్లవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) అర్హుడే. తొందర అవునో కాదో, ఏ రౌండ్‌లో ఎంపికవుతాడన్న లీగ్ సలహా కమిటీ అంచనా చూశాక చెప్పాలి. మొదటి రౌండ్ అంటే వెళ్లమంటాను. రెండోదైతే ఆలోచించాలి. ‘కాలేజీలోనే ఉండు’ అంటే ఉండటమే మేలు.

కాలేజీలో ఆగిన క్వార్టర్‌బ్యాక్‌లందరికీ ఒకే ఫలితం రాలేదు. స్టాన్‌ఫర్డ్‌లో ఇంకో ఏడాది ఆడిన ఆండ్రూ లక్ 2012 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికయ్యాడు. యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ)లో ఆగిన మ్యాట్ బార్క్‌లీకి ఆ సీజన్‌లోనే భుజం దెబ్బతింది, 2013లో నాలుగో రౌండ్‌కి జారిపోయాడు. పాపం, ఏడాది ముందు అతన్ని మొదటి రౌండ్ ఆటగాడనే అనుకున్నారు.

ఇప్పుడు ఆగడం మునుపటంత నష్టం కాదు. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు, ఫొటోలతో ప్రకటనల్లో సంపాదించుకోవచ్చు. అందుకే డబ్బు టెన్షన్ పక్కన పెట్టి, అతను ఎన్ని మ్యాచ్‌ల్లో మొదటి నుంచీ బరిలో ఉన్నాడో అడగండి. ఒక్క సీజన్ మాత్రమే ఆడి ఉంటే నేనైతే ఆగమంటాను. ఎన్ఎఫ్ఎల్ బెంచీ మీద కూర్చుంటే మ్యాచ్ అనుభవం రాదు కదా!