పంచాయతీ సెక్రటరీ అంటే అంత చిన్న ఉద్యోగమా సార్?

తెలంగాణ నుంచి ఒక తండ్రి ప్రశ్న: "మా అమ్మాయి డిగ్రీ ఫైనలియర్. పంచాయతీ సెక్రటరీ అవుతానంటోంది, ఎప్పటికైనా సర్పంచ్‌గా కూడా నిలబడతదట. మేమేమో సివిల్స్ కోచింగ్‌కి హైదరాబాద్ పంపుదామనుకుంటున్నాం. రెండిట్లో ఏది బెటర్?"

సార్, మీరు అడిగింది ఏది బెటర్ అని, కానీ లోపలున్న భయం వేరే. "ఇంత చదివించింది ఊళ్లో ఇంటి పన్ను వసూలు చేయడానికా" అని చుట్టాలు అంటారేమో అని. ఇలా అడిగే పేరెంట్స్ అందరిలోనూ ఇదే చూస్తున్నా.

సివిల్స్ వద్దని నేను అనను, ఇష్టం ఉన్నవాళ్లు రాయాల్సిందే. కానీ 2024 సివిల్స్‌లో సెలెక్ట్ అయింది 1,009 మంది, అప్లై చేసేవాళ్లేమో లక్షల్లో. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ హాస్టళ్లలో ఏళ్లకేళ్లు ఉండిపోయి, ఇంకొక్క అటెంప్ట్ అంటూ ఇంటికెళ్లడానికి మొహం చెల్లక అక్కడే ఉండే పిల్లలు నా దగ్గరికొస్తుంటారు. పంచాయతీలకి రాజ్యాంగ హోదా ఇచ్చిన 1992 నాటి 73వ సవరణ, పంచాయతీలకి అప్పగించదగ్గ పనుల జాబితా అయిన 11వ షెడ్యూల్లో 29 అంశాలు, నిద్రలో లేపి అడిగినా చెప్తారు, కానీ వాళ్లలో గ్రామసభలో ఒక్కసారైనా కూర్చున్నవాళ్లు ఎంతమంది? తప్పు పిల్లలది కాదు, ఏమీ చూపించకుండా నేరుగా కోచింగ్‌లో పడేస్తున్నది మనమే.

కొంచెం గట్టిగానే అంటున్నా, ఏమనుకోకండి. కలెక్టరై ఊరికొస్తే ప్రజాసేవ, అదే ఊళ్లో రోజూ ఉండి నీళ్లు, చెత్త, వీధిలైట్లు, బర్త్ సర్టిఫికెట్లు చూసుకుంటే పరువు తక్కువా? ఈ వయసులో ఊరి పని చేస్తానని తనంతట తాను చెప్పే పిల్లలు ఎంతమంది ఉన్నారు చెప్పండి, మీ ఇంట్లో ఒకరుంటే మీరు చుట్టాల గురించి ఆలోచిస్తున్నారు!

అలాగని ఈ ఉద్యోగం సుఖం అని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. 2019లో జూనియర్ పంచాయతీ సెక్రటరీలుగా చేరినవాళ్లు రెగ్యులర్ చేయమని 2023లో సమ్మెకి దిగాల్సొచ్చింది. ఊళ్లో నాటిన మొక్కల్లో కనీసం 85 శాతమైనా బతక్కపోతే మాట పడేది సెక్రటరీనే. సర్పంచ్‌కీ, మండల స్థాయి అధికారి ఎంపీడీవోకీ మధ్య నలగడం ఉంటుంది, ఫండ్స్ టైముకి రావు. ఇవన్నీ అమ్మాయికి ముందే తెలియాలి.

కానీ భయపడకండి, ఇందులో చేరితే దారి మూసుకుపోదు. ఉద్యోగం చేస్తూనే గ్రూప్-1 రాయొచ్చు, ఎంపీడీవో, జిల్లా పంచాయతీ అధికారి, మున్సిపల్ కమిషనర్ పోస్టులు అందులోనే ఉంటాయి, సివిల్స్ కూడా రాసుకోవచ్చు. సర్పంచ్ సంగతంటారా, 21 నిండితే పోటీ చేయొచ్చు, కాకపోతే ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా కుదరదు, రిజైన్ చేయాలి. ఆఫీసులో కూర్చుని పని చేయించడం ఇష్టమా, జనం ఓటుతో చేయడం ఇష్టమా అన్నది తనే తేల్చుకోవాలి, ఇప్పుడే తేల్చక్కర్లేదు.

కోచింగ్ ఫీజు ఇప్పుడే కట్టకండి. గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలని చట్టంలోనే ఉంది, ఈసారి జరిగేదానికి అమ్మాయితో పాటు మీరూ వెళ్లండి. మీ ఊరి సెక్రటరీతో ఒక పూట తిరగనివ్వండి. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఈలోపు పీజీలోనో ఏదైనా చిన్న ఉద్యోగంలోనో చేరమనండి, ఖాళీగా మాత్రం కూర్చోబెట్టకండి.