ఉగాది నిర్ణయాలు రెండు చాలు: తడి చెత్త, కరెంటు మీటరు

ప్రశ్న: అపార్ట్‌మెంటులో ఉంటాం. ఇద్దరు పిల్లలు, అత్తగారితో కలిపి ఐదుగురం. కొత్త సంవత్సరంలో అందరం కలిసి పర్యావరణానికి పనికొచ్చే నిర్ణయాలు ఏం పెట్టుకోవచ్చు? నెల తిరక్కుండానే అటకెక్కకుండా ఎలా చూసుకోవాలి?

జవాబు: "ప్లాస్టిక్ మానేద్దాం", "నీళ్లు పొదుపు చేద్దాం" అని మాత్రం రాసుకోకండి. అందులో ఎవరు, ఏ పూట, ఏం చేయాలో ఉండదు. అందుకే వారం తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. కొలవడానికి వీలున్నవి రెండే పెట్టుకోండి. ఒకటి, తడి చెత్త ఇల్లు దాటకుండా ఎరువు చేయడం. రెండోది, కరెంటు యూనిట్లు తగ్గించడం.

మొదలుపెట్టడానికి జనవరి 1 కన్నా ఉగాది మేలు. తడి చెత్త కుళ్లకుండా ఎరువు కావాలంటే ఎండుటాకులు కావాలి. ఫాల్గుణంలో వేప, రావి లాంటి చెట్లు ఆకు రాలుస్తాయి. ఊడ్చేవాళ్లు కుప్పేసి అగ్గిపుల్ల గీయకముందే మూడు గోతాలు నింపుకోండి. గోతాం మీదే తొక్కి నలిపితే మూడో వంతుకు దిగుతుంది, రెండు నెలలకు సరిపోతుంది. ఆ తర్వాత నర్సరీలో దొరికే కొబ్బరి పొట్టు దిమ్మ వాడొచ్చు. 5 కిలోల దిమ్మ నానితే 60 లీటర్ల పైమాటే అవుతుంది. దాన్ని ఎండలో ఆరబెట్టాకే వాడాలి. తడిదే వేస్తే తడికి తడి తోడై కంపు మొదలవుతుంది.

మీ ఇంట్లో తొక్కలు, కాడలు, వాడిన పూలు కలిపి రోజుకు ముప్పావు కిలో వస్తాయనుకుంటే, మూతలున్న 40 లీటర్ల డబ్బాలు మూడు కావాలి. డబ్బా పక్కల్లో నాలుగు వరసలుగా, అడుగున ఐదారు చోట్ల 6 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయించి, కింద పళ్లెం పెట్టండి. అడుగున మూడు అంగుళాల మందాన కొబ్బరి పీచు. రోజూ ఒక గిన్నె తడి చెత్తకు ఒకటిన్నర గిన్నె నలిపిన ఆకు. తూకం చూడక్కర్లేదు, గిన్నె కొలతే చాలు. తొలి వారం రెండు మూడు సార్లు పుల్లటి మజ్జిగ చిలకరించండి, లేదా పాత ఎరువు గుప్పెడు వేయండి. మూడు రోజులకోసారి కర్రతో అడుగు నుంచి తిరగేయాలి. నెలకు అటూ ఇటూగా డబ్బా నిండుతుంది. నిండినదాన్ని పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. మూసిన డబ్బాలో ఎరువు కావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది, వానాకాలంలో ఇంకొంచెం ఎక్కువ. రెండు డబ్బాలతో సరిపెడితే, మొదటిది ఎరువయ్యేలోపే రెండోదీ నిండుతుంది. చాలామంది మానేసేది అక్కడే.

పిడికెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు జారితే తేమ సరిగ్గా ఉన్నట్టు. ధార కట్టిందంటే ఆకు వేసి తిరగేయాలి. చీమలు పట్టాయంటే బాగా ఎండిపోయిందని అర్థం, బియ్యం కడిగిన నీళ్లు చల్లండి. మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో ఇది తప్పదు. తెల్ల పురుగులు కనిపిస్తే పిల్లలు కేకలు పెడతారు గానీ వాటివల్ల హాని లేదు, అవీ చెత్తే తింటాయి. వద్దనుకుంటే పైన రెండంగుళాల ఆకు కప్పండి. మిగిలిన సాంబారు, పెరుగు, నూనె కూర, ఎముకలు వేయొద్దు. మామిడి టెంక, కొబ్బరి చిప్ప వేసినా ఏడాదికీ కరగవు. 'బయోడిగ్రేడబుల్' అని రాసి ఉన్న సంచుల్నీ ఈ డబ్బా అరిగించుకోలేదు.

కరెంటు సంగతి. మొదటి నెల ఏమీ మార్చకండి, రాసుకోండి చాలు. డిజిటల్ మీటరు మీద అంకెలు మారుతూ ఉంటాయి. పక్కన కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అని కనిపించినప్పుడు వచ్చే అంకే మీకు కావాల్సింది. కేవీఏహెచ్ (kVAh) అంకె రాసుకుంటే లెక్క తప్పుతుంది. ప్రతి నెలా ఒకే తేదీన రాసే పని పెద్ద పిల్లవాడికి ఇవ్వండి. మార్చితో ఏప్రిల్‌ని పోల్చి నిరాశపడొద్దు, పాత బిల్లులు తీసి నిరుటి ఏప్రిల్‌తో పోల్చండి.

నిజంగా తేడా వచ్చేది ఫ్యాన్ల దగ్గర. పాత ఫ్యాను ఫుల్ స్పీడులో సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తాగే మోటారున్న) ఫ్యాను సుమారు 30 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగే హాలు ఫ్యాను ఒక్కటి మార్చినా నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. ఎప్పుడో గానీ వేయని గదిలో మార్చడం దండగ. కొత్త ఫ్యానుకు పాత గోడ రెగ్యులేటరు తీసేయించాలి, అలాగే ఉంచితే లోపలి సర్క్యూట్ పాడవొచ్చు. స్టార్ గుర్తున్న ఏసీలు 2020 నుంచి 24 డిగ్రీలతోనే మొదలవుతాయి. 26కి పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం ఆదా అని బీఈఈ (స్టార్ గుర్తులిచ్చే కేంద్ర సంస్థ) లెక్క. ఫిల్టరు వేసవిలో పదిహేను రోజులకోసారి కడగాలి. రాత్రి సెట్‌టాప్ బాక్సును గోడ స్విచ్ దగ్గరే ఆపే పని చిన్నవాడికి. తెలంగాణలోనైతే నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచీ రేటు మారుతుంది కాబట్టి, ఆ గీత దగ్గరున్న ఇంటికి ఈ ఇరవై ముప్పై యూనిట్లు తగ్గినా బిల్లులో పెద్ద తేడానే.

ఈ రెండూ కాక, చిన్న జాగ్రత్తలు ఒకటి రెండు. ఇంట్లో ఆర్‌వో (నీళ్లు శుద్ధి చేసే యంత్రం) ఉంటే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) చూపే మీటరుతో కుళాయి నీళ్లు కొలవండి. 500 లోపు ఉండి, ఇతర కాలుష్యమేదీ లేకపోతే యూవీ ఫిల్టరు (కిరణాలతో క్రిముల్ని చంపేది) చాలు. ఆర్‌వోలో మంచినీళ్లు లీటరుకు దాదాపు మూడు లీటర్లు వృథా గొట్టంలోంచి పోతాయి. అవి నేల తుడవడానికి, బాత్రూముకు వాడండి. కూలరులో పోస్తే గడ్డి మీద తెల్లటి పొర కడుతుంది, కుండీలకు రోజూ పోస్తే మట్టిలో ఉప్పు పేరుకుంటుంది.

పాల ప్యాకెట్ మూల పూర్తిగా తెంపకండి, అంటుకునే ఉండాలి. తెగిన ముక్కను ఎవరూ ఏరరు. కడిగి ఆరేస్తే ప్యాకెట్ పొడి చెత్తలో చెల్లుతుంది.

తడి చెత్త ఏర్పాటు ఎక్కువగా చెడేది పనామెకు చెప్పకపోవడం వల్ల. గిన్నెలు కడిగేది ఆమె కాబట్టి, ఏ బుట్టలో ఏది వేయాలో మొదటి రోజే చూపించండి. డబ్బా తిరగేసే పని అత్తగారు ఒప్పుకుంటే ఆవిడకే అప్పగించండి, వాసన తేడా అందరికన్నా ముందు పసిగట్టేది ఆవిడే. తయారైన ఎరువు నల్లగా, మట్టి వాసనతో ఉంటుంది. జల్లెడ పట్టి, ఒక వంతు ఎరువుకు మూడు వంతుల మట్టి కలిపి కుండీల్లో వేయండి. ఇంకా వెచ్చగా ఉన్నది వేస్తే తులసి వేళ్లు మాడిపోతాయి. జల్లెడలో మిగిలిన ముక్కలు మళ్లీ కొత్త డబ్బాలో వేయండి, మజ్జిగ అవసరం రాదు.