దీపమూ, దీపమూ

సందేహం: మా అబ్బాయి డిగ్రీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్నాడు. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ నాటకంలో ‘పుట్ ఔట్ ద లైట్’ అన్న మాట వెంటవెంటనే రెండుసార్లు వస్తుందట. రెండుచోట్లా అర్థం ఒకటేనా? తెలుగులో ఎలా చెప్పాలి? – ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మాట ఒకటే, దీపాలు రెండమ్మా. అయిదో అంకం రెండో రంగంలో భార్య డెస్డిమోనా నిద్రపోతుంటే, ఆమెను చంపడానికి ఒథెల్లో దీపం పట్టుకుని వస్తాడు. మొదటిది చేతిలో ఉన్న దీపం, రెండోది ఆమె ప్రాణం. ఈ దీపం ఆర్పితే మళ్లీ వెలిగించుకోగలను, నీ దీపం ఆరిపోతే వెలిగించే నిప్పు ఎక్కడుందో నాకు తెలియదు అంటాడు. తెలిసి కూడా ఆర్పేస్తాడు, చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేసేది అక్కడే.

పుట్ ఔట్‌కి ప్రకటన విడుదల చేయడం, ఇబ్బంది పెట్టడం లాంటి అర్థాలూ ఉన్నాయి, వాటితో ఇక్కడ పనిలేదు. టీవీలో మాత్రం ‘ప్రకటన బయటపెట్టారు’ అంటున్నారు. బయటపెట్టేది గుట్టు, ప్రకటన చేస్తారు. ఇంత చిన్న తేడా కూడా చూసుకోకపోతే ఎలా?

ఇక మన ‘ఆరు’ సంగతి. ఇంగ్లీషు మాటలో వెలుగును బయటికి పంపేయడం ఉంది, మన మాటలో నెమ్మదించడం ఉంది. తడిబట్ట ఆరుతుంది, పుండు ఆరుతుంది, పాలు చల్లారుతాయి, దీపం ఆరుతుంది, అన్నిట్లోనూ ఉన్నది ఆ ఒక్క ధాతువే. తమిళంలోనూ వేడి తగ్గినా, పుండు మానినా ‘ఆఱు’ అనే అంటారు. అయినా మా నాయనమ్మ దీపం ఆరిందని ఏనాడూ అనలేదు. ‘దీపం కొండెక్కిందే, కాస్త నూనె పొయ్యి’ అనేది, వత్తిని వేలితో ఎగదోస్తూ. ఇప్పుడు కొండెక్కేవి ఉల్లిపాయల ధరలే, దేవుడి దగ్గర దీపాన్ని కూడా ‘ఆఫ్ చెయ్’ అంటున్నారు. అది స్విచ్చికి చెప్పే మాట!

దీపం అనగానే నాకు మన వినుకొండ జాషువాగారే గుర్తొస్తారు. ‘శ్మశానవాటి’ పద్యాల్లో కొత్త సమాధి మీద ఒక దివ్వె ఉంటుంది. ఆముదం అయిపోయినా అది ఆరదు. ‘దీపమందుమా? హృదయము సుమ్మి’ అంటాడు కవి. బిడ్డను పోగొట్టుకున్న ఏ అభాగ్యురాలో అక్కడ పెట్టి వెళ్లిన గుండె అది. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీనులో ఈ పద్యాలు పాడుతుంటే జనం కదలకుండా కూర్చునేవారు. అక్కడ షేక్‌స్పియర్ ప్రాణాన్ని దీపం చేశాడు, ఇక్కడ జాషువా దీపాన్ని ప్రాణం చేశాడు.

అనువాదం అంటారా, ‘దీపం ఆర్పాలి, ఆపైన దీపం ఆర్పాలి’ అని రెండుసార్లూ అదే మాట ఉంచమంటాను. ఇంటికి దీపం ఇల్లాలు అనే భాష మనది, రెండో దీపం ఎవరో తెలుగువాడికి విడమరిచి చెప్పక్కర్లేదు. ‘ప్రాణదీపం’ అని వేస్తే ఒథెల్లో నోట రాని మాటను మనం ముందే చెప్పేసినట్టవుతుంది. రంగస్థలం మీదైతే నటుడు రెండో ‘దీపం’ దగ్గర ఒక్క క్షణం ఆగి పలకాలి. ఆ నేర్పు లేని నటుడి చేతిలో పడితే మాత్రం ‘నీ దీపం’ అనక తప్పదేమో.