ఎడీమా అని రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. సోంపేట సైడు పెరిగినవాడివి, ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి రాయాల్సింది నువ్వే. కానీ మూడో పేజీలో ఆ ముసలమ్మ మంచం మీద కాళ్ళు చాపుకుని కూచున్నచోట "ఆమె పాదాలకు ఎడీమా వచ్చింది" అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను.

మాట తప్పని కాదు. దాని పుట్టుక తెలిస్తే నీకే ముచ్చటేస్తుంది. గ్రీకులో ఓయిడీన్ అంటే ఉబ్బడం, వాయడం, దాన్నుంచి ఓయిడీమా, అదే ఇంగ్లీషులోకి వచ్చింది, బ్రిటన్ వాళ్ళు ఇప్పటికీ స్పెల్లింగులో ముందు ఓ పెడతారు, అమెరికా వాళ్ళు తీసేశారు. గ్రీకు పురాణాల్లోని ఈడిపస్ రాజు పేరూ ఈ మూలంలోదే, పసికందుగా ఉన్నప్పుడే కాళ్ళు గుచ్చి కొండమీద పారేయించారని కథ, ఆ పేరుకి అర్థం వాచిన పాదాలవాడు అని. ఇంగ్లీషు వాళ్ళు ఈ వాపునే పాతకాలంలో డ్రాప్సీ అనేవాళ్ళు, అందులో దాక్కున్నది గ్రీకు హ్యుడోర్, అంటే నీళ్ళు. మరి మన కంచిలిలో ఏమంటారు? "కాళ్ళకి నీరు పట్టీసింది" అనే కదా! ఎక్కడి గ్రీసు, ఎక్కడి కంచిలి, చూసినవాళ్ళకి రెండు చోట్లా నీళ్ళే కనిపించాయి.

నువ్వూ అలా చూడాలి తమ్ముడూ. మా పిన్నికి పొద్దున్న లేచేసరికి కళ్ళచుట్టూ ఉబ్బు ఉండేది, సాయంత్రానికి అదంతా పాదాల్లోకి దిగిపోయేది, కిడ్నీ ఉప్పునీ నీటినీ బయటికి పంపలేకపోతే అంతే, తోటలో నిలబడి పనిచేసే మనిషికి నీరు కిందికే దిగుతుంది. ముంగాలి మీద బొటనవేలితో నొక్కి తీస్తే సొట్ట అలాగే ఉండిపోయేది, అది పూడేదాకా ఆవిడ నా మొహమే చూసేది. మెట్టెలు రాకపోతే సబ్బునురగ రాసి తిప్పి తిప్పి తీశాం, తీశాక కూడా వేలిచుట్టూ గాడి.

ఇంకోటి, మన వాయడం అనే మాటకి ఇంకో బతుకు కూడా ఉంది. దేనికోసమైనా అల్లాడిపోతే "మొహం వాచిపోయాం" అంటాం. మంచినీళ్ళకి మొహం వాచిన ఊళ్ళో కాళ్ళకి నీరు పట్టిన మనిషి నీ కథలో ఉంది, అంత దగ్గరగా ఉన్న మాటని వదిలేసి ఎడీమా దగ్గరికి ఎందుకెళ్ళావు?

ఆ మాట పూర్తిగా కొట్టేయకు. డాక్టరు నోట ఉంచు, ఆసుపత్రి చీటీ మీద ఉంచు, మనవడు అది చదివి "ఏటంటే అది?" అని అడిగినప్పుడు ముసలమ్మ కాళ్ళకేసి చూపించనీ.

వచ్చే నెల విజయనగరం నుంచి శ్రీకాకుళం వస్తున్నాను, అక్కడి కథల లైబ్రరీ కథానిలయంలో కూచుందాం. కొత్తగా రాసిన మూడో పేజీ ఒక్కటే తెచ్చుకో.

మీ అన్న